లెకెంబి సమీక్ష: మందు సీసా కన్నా ఎమ్మారై చదివే కన్ను ముఖ్యం

లెకెంబి పనిచేస్తుంది. పనిచేసేది కొంచెమే. ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటి దాచినా అల్జైమర్స్ వచ్చిన మనిషికీ ఆ ఇంటివాళ్లకీ అన్యాయం చేసినట్టే. మెదడులో పేరుకున్న అమిలాయిడ్ అనే ప్రోటీన్‌ను ఇది తీసేస్తుందన్న సంగతి పెట్ స్కాన్లలో స్పష్టంగా కనిపిస్తుంది. పోయిన జ్ఞాపకశక్తి మాత్రం తిరిగి రాదు, ఇక ముందు పోయేది కాస్త నెమ్మదిస్తుంది. ఆ కాస్త కోసం ఏడాదిన్నర పాటు రెండు వారాలకోసారి మందు ఎక్కించుకోవాలి, మధ్యమధ్య ఎమ్మారైలు తీయించుకోవాలి, మెదడులో వాపో రక్తస్రావమో వచ్చే ముప్పును నెత్తిన పెట్టుకోవాలి. అందుకే దీన్ని మందుగా కాక, ఆసుపత్రి, స్కానింగ్, ఇల్లు మూడూ కలిసి నడపాల్సిన ఏర్పాటుగా చూడాలి. ఆ ఏర్పాటు లేనిచోట మొదలుపెట్టకపోవడమే మంచిది.

మందు అసలు పేరు లెకనెమాబ్. ఉత్తర స్వీడన్‌కు చెందిన ఒక కుటుంబంలో లార్స్ లాన్‌ఫెల్ట్ బృందం గుర్తించిన ఆర్కిటిక్ జన్యుమార్పు దీనికి మూలం. గట్టిపడిన అమిలాయిడ్ ఫలకాల కన్నా, వాటికి ముందు దశలో ఉండే ప్రోటోఫైబ్రిల్సే నాడీకణాలకు ఎక్కువ హాని చేస్తాయన్నది వాళ్ల ఆలోచన. ఆ ప్రోటోఫైబ్రిల్స్‌ను పట్టుకునే యాంటీబాడీ ఇది. ఐసాయ్, బయోజెన్ కంపెనీలు అమ్ముతున్నాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023 జనవరిలో త్వరిత అనుమతి, జులైలో పూర్తి అనుమతి ఇచ్చింది.

ఫలితం ఎంత? 1,795 మందితో 18 నెలలు జరిగిన క్లారిటీ ఏడీ పరీక్షలో కొలబద్ద సీడీఆర్-ఎస్‌బీ. జ్ఞాపకం, తేదీ-చోటు గుర్తింపు, నిర్ణయశక్తి, బయటి వ్యవహారాలు, ఇంటి పనులు, సొంత శుభ్రత అనే ఆరు విషయాలకూ కలిపి 18 పాయింట్లు. ఎంత పెరిగితే జబ్బు అంత ముదిరినట్టు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకు 1.66 పెరిగింది, లెకెంబి తీసుకున్నవాళ్లకు 1.21. తేడా 0.45. దీన్నే 27 శాతం నెమ్మది అని ప్రచారం చేస్తున్నారు. రెండు లెక్కలూ నిజమే. కానీ ఆ కొలబద్దలో ఒక విషయంలో కనిపించే అతి చిన్న మెట్టే 0.5. అంటే ఏడాదిన్నర తర్వాత కూడా సగటు తేడా ఒక మెట్టుకు అందలేదు. ఇంట్లోవాళ్లు రోజూ చూస్తూ పట్టుకోగలిగే తేడా కాదిది. మూడేళ్లు, నాలుగేళ్లకు తేడా పెరుగుతోందని కంపెనీ చూపిస్తున్న లెక్కలు వేరే అధ్యయనంలోని రోగులతో పోల్చినవి. చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి చేసిన పోలిక కాదు కాబట్టి వాటికి అంత బరువు ఇవ్వలేం.

ఇంకో సంగతి చాలామంది డాక్టర్లు చెప్పరు. అదే పరీక్షలో మగవాళ్లలో నెమ్మదించింది 43 శాతమైతే ఆడవాళ్లలో 12 శాతమే. అల్జైమర్స్ ముప్పు పెంచే అపోఈ-4 జన్యువు రెండు ప్రతులూ (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి) ఉన్నవాళ్లలో ఈ కొలబద్ద మీద లాభమే కనిపించలేదు. ఇలాంటి చిన్న గుంపుల లెక్కలు తేల్చి చెప్పగలిగేవి కావు, అందుకని వీటిని చూసి ఆడవాళ్లకు మందు నిరాకరించడం తప్పు. అలాగని అడగకుండా ఊరుకోవడమూ తప్పే.

ఎవరికి పనికొస్తుంది? మతిమరుపు మొదలై, సొంత పనులు చాలావరకు చేసుకోగలిగే దశలో ఉన్నవాళ్లకే. పరీక్షలో చేర్చుకున్నవాళ్లకు జ్ఞాపకశక్తి, ఆలోచన కొలిచే ఎంఎంఎస్ఈ ప్రశ్నల్లో వచ్చిన మార్కులు 30కి 22 నుంచి 30 మధ్య. తెలుగువాళ్లు జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. అమెరికాలో పిల్లల దగ్గరుంటున్న పెద్దావిడను ఇంగ్లిష్‌లో ప్రశ్నలడిగి 17 మార్కులు వేస్తే అది జబ్బు తీవ్రతా, భాష రాకపోవడమా తెలియదు. చదువు తక్కువగా ఉన్నవాళ్లకు లెక్కల ప్రశ్న, రాసే ప్రశ్న దగ్గరే మార్కులు పోతాయి. ఐసీఎంఆర్ తయారుచేసిన న్యూరోకాగ్నిటివ్ టూల్ బాక్స్ తెలుగులో ఉంది, ఏసీఈ-3 పరీక్షకూ తెలుగు రూపం ఉంది. వాటితో చేయించమని పట్టుబట్టండి. ఇంట్లోవాళ్లు దుబాసీలుగా కూర్చుంటే తెలియకుండానే జవాబు అందిస్తారు, దాంతో మార్కులు పెరుగుతాయి. అది కూడా మోసపుచ్చే ఫలితమే.

మతిమరుపుకు బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, వినికిడి తగ్గడం, నిద్రమాత్రలు కూడా కారణం కావచ్చు. ముందు అవి తేల్చాలి. తర్వాత అమిలాయిడ్ ఉందని రుజువు కావాలి. ఇంతకుముందు పెట్ స్కాన్‌తోనో, నడుము దగ్గర వెన్నునీరు తీసో తేల్చేవారు. 2025 మేలో ఫుజిరెబియో కంపెనీ లుమిపల్స్ రక్తపరీక్షకు ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అల్జైమర్స్‌లో మారే రెండు ప్రోటీన్లు పీ-టావ్217, అమిలాయిడ్ 42ల నిష్పత్తిని ఇది రక్తంలో కొలుస్తుంది. 55 ఏళ్లు దాటి, లక్షణాలు ఉన్నవాళ్లకే. 499 నమూనాల్లో పాజిటివ్ వచ్చినవాళ్లలో 91.7 శాతానికి, నెగటివ్ వచ్చినవాళ్లలో 97.3 శాతానికి పెద్ద పరీక్షలు కూడా అదే మాట చెప్పాయి. అయిదో వంతుకు లోపు ఎటూ తేలలేదు, అలాంటివాళ్లకు పెట్ తప్పదు. కిడ్నీ జబ్బు ఉంటే రక్తంలో పీ-టావ్ ఊరికే ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా ఈ రిపోర్టును నమ్మవద్దు. ఏ లక్షణమూ లేనివాళ్లు భయంతో ఈ పరీక్ష చేయించుకోవడం మాత్రం వద్దు.

మందు ఎక్కించే పద్ధతి సులువే. కిలో బరువుకు 10 మి.గ్రా. సీసాలు 200, 500 మి.గ్రా. రెండు సైజుల్లో వస్తాయి, మి.లీ.కి 100 మి.గ్రా. చొప్పున. 60 కిలోల మనిషికి 600 మి.గ్రా., అంటే మూడు 200 సీసాలతో సరిగ్గా సరిపోతుంది. 500, 200 సీసాలు తీస్తే వంద వృథా. ఈ ఖరీదులో ఆ వృథా చిన్నది కాదు, కలిపేముందే అడగండి. సీసాను కుదపకూడదు. 250 మి.లీ. నార్మల్ సెలైన్‌లో కలిపి, మెల్లగా తిప్పి, 0.2 మైక్రాన్ ఫిల్టర్ ఉన్న గొట్టం ద్వారా సుమారు గంటసేపు ఎక్కిస్తారు. కలిపిన మందు నాలుగు గంటలకు మించి ఉంచకూడదు. నలుగురిలో ఒకరికి చలి, జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి, అదీ ఎక్కువగా మొదటిసారే. ఆ రాత్రి ఇంట్లో ఒకరు తోడుండాలి. అలా వచ్చినవాళ్లకు తర్వాతి డోసుకు ముందు పారాసిటమాల్, అలర్జీ మాత్ర ఇస్తే చాలావరకు సర్దుకుంటుంది.

అసలు సమస్య ఆరియా. అమిలాయిడ్ మెదడు కణజాలంలోనే కాదు, రక్తనాళాల గోడల్లోనూ పేరుకుని ఉంటుంది. యాంటీబాడీ దాన్ని లాగేటప్పుడు గోడ బలహీనపడి నీరు కారితే ఆరియా-ఈ, రక్తం కారితే ఆరియా-హెచ్. క్లారిటీ పరీక్షలో వాపు 12.6 శాతం మందికి, రక్తపు చుక్కలు 17.3 శాతం మందికి కనిపించాయి. ఉత్తుత్తి మందు గుంపులో అవి 1.7, 9 శాతం. వాపు వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు, ఎమ్మారైలోనే తెలుస్తుంది. లక్షణాలు ఉంటే తలనొప్పి, కొత్తగా తికమక, చూపు మసకబారడం, నడక తూలడం, అరుదుగా ఫిట్స్. అల్జైమర్స్ ఉన్న మనిషి తికమకపడితే 'జబ్బు ముదిరింది' అని ఇంట్లో సరిపెట్టుకుంటారు. ప్రమాదం అక్కడే ఉంది. మందు మొదలుపెట్టిన మొదటి నెలల్లో తికమక హఠాత్తుగా పెరిగితే అది ఆరియా కాదని తేలేవరకు ఆరియాగానే చూడాలి.

ఈ ముప్పు అందరికీ ఒకేలా ఉండదు. అపోఈ-4 జన్యువు లేనివాళ్లలో వాపు 5.4 శాతం, ఒక ప్రతి ఉంటే 10.9, రెండూ ఉంటే 32.6. ఈ జన్యుపరీక్ష చేయకుండా మందు రాసే చోటికి వెళ్లవద్దు. రెండు ప్రతులు ఉన్నవాళ్లకు బ్రిటన్, యూరప్ అనుమతుల్లో ఈ మందు లేనే లేదు. అమెరికాలో డాక్టరుకే వదిలేశారు. లాభం కనిపించని గుంపే ముప్పు ఎక్కువున్న గుంపు కూడా కావడం వల్ల, మా లెక్కలో వాళ్లకు వద్దు.

ఎమ్మారై ముందుగా ఒకటి, తర్వాత 3, 5, 7, 14 డోసులకు ముందు ఒక్కోటి. మూడో డోసు ముందరిది 2025 ఆగస్టులో చేర్చారు, ఎందుకంటే ప్రమాదకరమైన వాపులు కొన్ని అంతకంటే తొందరగానే వస్తున్నాయి. పాత కాగితాలు పట్టుకున్న సెంటర్ అయితే గుర్తుచేయండి. ఎమ్మారై తీసే పద్ధతుల్లో వాపు కోసం ఫ్లెయిర్, రక్తపు చుక్కల కోసం గ్రేడియంట్ ఎకో లేదా ఎస్‌డబ్ల్యూఐ తీయాలి. తరచూ జరిగే పొరపాటు ఇక్కడుంది. మొదటి స్కాన్ గ్రేడియంట్ ఎకోతో, తర్వాతిది ఎస్‌డబ్ల్యూఐతో తీస్తే చుక్కలు పెరిగినట్టు కనిపిస్తాయి, ఎందుకంటే రెండోది చిన్న చుక్కల్ని కూడా పట్టేస్తుంది. దానితో అనవసరంగా మందు ఆపేస్తారు. అదే యంత్రం, అదే పద్ధతి, వీలైతే అదే రేడియాలజిస్టు. రిపోర్టులో 'మార్పు లేదు' అన్న ఒక్క ముక్క చాలదు, ఎన్ని చుక్కలు, ఎక్కడ, వాపు ఎంత మేర అని ఉండాలి. మొదటి స్కాన్‌లోనే నాలుగుకు మించి చుక్కలున్నవాళ్లను, మెదడు పైపొరలో రక్తపు మరక ఉన్నవాళ్లను పరీక్షలోకి తీసుకోలేదు. రక్తం పలచబరిచే వార్ఫరిన్, అపిక్సబాన్ వాడేవాళ్లకు ఈ మందు ఇవ్వకపోవడమే నిపుణుల మాట.

అమిలాయిడ్‌ను తీసేసే మరో మందు డొనానెమాబ్‌తో పోల్చి చూడాలి. ఎలి లిల్లీ మందు, కిసున్లా పేరుతో 2024 జులైలో అమెరికాలో అనుమతి పొందింది. నెలకోసారే ఎక్కిస్తారు, అరగంట పని. అమిలాయిడ్ తొలగిపోయిందని పెట్‌లో తేలితే ఆపేయవచ్చు. దూరం నుంచి వచ్చేవాళ్లకు ఇది పెద్ద సౌకర్యం. కానీ వాపు 24 శాతం మందికి వచ్చింది. 350తో మొదలుపెట్టి 700, 1,050, 1,400 మి.గ్రా.కు మెల్లగా పెంచే కొత్త పద్ధతిలో అది 14 శాతానికి తగ్గింది. ఎవరైనా పాత పద్ధతిలో నేరుగా 700తో మొదలుపెడతామంటే ఒప్పుకోవద్దు. భారతదేశంలో డొనానెమాబ్‌కు 2025లో అనుమతి వచ్చింది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో మొదలుపెట్టాలనుకునేవాళ్లు ధర అడిగేముందు అడగాల్సింది వేరే ఉంది: రాత్రి రెండింటికి తలనొప్పితో వస్తే ఎమ్మారై తీసి, ఆరియా గుర్తుపట్టగలిగే మనిషి ఉన్నారా అని.

లెకెంబి ధర అమెరికాలో ఏడాదికి 26,500 డాలర్లు, మందు ఒక్కదానికే. పెద్దవాళ్లకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే బీమా మెడికేర్ ఉంటే, రోగుల వివరాలు చేర్చే రిజిస్ట్రీలో పేరు నమోదైతే 80 శాతం అది భరిస్తుంది, మిగతాది అదనపు బీమా మీద ఆధారపడుతుంది. పర్యాటక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు మెడికేర్ వర్తించదు. మొదటి 18 నెలలు అయ్యాక నాలుగు వారాలకోసారి ఎక్కించుకునేందుకు 2025 జనవరిలో, ఆ దశలోనే ఇంట్లో వారానికోసారి పొడుచుకునే 360 మి.గ్రా. ఇంజెక్షన్‌కు అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చింది.

రాబోయేవాటిలో రోష్ కంపెనీ ట్రాంటినెమాబ్ మీద ఆశ పెట్టుకోవచ్చు. రక్తనాళాల గోడ దాటించే తోక తగిలించి చేసిన యాంటీబాడీ కాబట్టి తక్కువ మోతాదు సరిపోతోంది, వాపు 5 శాతం లోపే ఉంది. చివరి దశ పరీక్షలు తేలాలి. షుగర్‌కు వాడే సెమాగ్లుటైడ్ మాత్రలు మాత్రం అల్జైమర్స్ మీద చేసిన పరీక్షల్లో 2025 నవంబర్‌లో విఫలమయ్యాయి, మతిమరుపు కోసం వాటిని వాడొద్దు. మతిమరుపుకు ఇచ్చే పాత మాత్ర డొనెపెజిల్ వాడుతున్నవాళ్లు లెకెంబి మొదలుపెట్టినా దాన్ని ఆపనక్కర్లేదు.

లెకెంబి తీసుకునేవాళ్ల జేబులో ఒక కార్డు ఎప్పుడూ ఉండాలి: మందు పేరు, చివరి డోసు తేదీ, న్యూరాలజిస్టు ఫోన్ నంబరు. ఆరియా కొన్నిసార్లు పక్షవాతంలాగే కనిపిస్తుంది. ఎమర్జెన్సీలో గడ్డ కరిగించే టీపీఏ ఇచ్చాక మెదడంతా రక్తస్రావమై ఒక రోగి చనిపోయిన సంగతి వైద్య పత్రికల్లో నమోదైంది. కాబట్టి అంబులెన్సు ఎక్కిస్తూనే, అడిగినా అడగకపోయినా, 'ఈయన లెకనెమాబ్ మీద ఉన్నారు, టీపీఏ ఇచ్చేముందు మా డాక్టరుతో మాట్లాడండి' అని ఇంటి మనిషి గట్టిగా చెప్పాలి.