మన్ననూరు, ఫర్హాబాద్: చెంచు గైడు వెంట నల్లమలలో

శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9కి మూస్తే మళ్లీ పొద్దున 6కే తెరుస్తారు. అందుకే ముందురోజు సాయంత్రమే చేరి అక్కడే బస చేశాం. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది. భోజనం మామూలే. తెల్లవారి సఫారీ జీపులో ఫర్హాబాద్ గుట్టెక్కాం. ఒకప్పుడు నిజాముల వేట చోటు. 1983లో ఇది పులుల అభయారణ్యమైంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు అడవికి అమ్రాబాద్ పేరొచ్చింది. పైనుంచి లోయ బాగుంటుంది కానీ, డబ్బుకు తగ్గ విలువ నాకు మా గైడు దగ్గరే దొరికింది.

ఆయన చెంచు. ఒకచోట జీపు ఆపించి పుట్ట చూపించారు. ఒక పక్కంతా పెళ్లగించి ఉంది, లోపలి ఎర్రమన్ను ఇంకా తడిగా మెరుస్తోంది. నేను దిగబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "గుడ్డెలుగు సారూ. చెదల కోసం తవ్వింది. మన్ను ఆరలే, దగ్గర్లనే ఉంటది."

తేనె సంగతి అడిగితే చాలాసేపు చెప్పారు. కొండచరియ మీద తుట్టెకు తాడు పట్టుకుని దిగేటప్పుడు, పైన కాపలా బావమరిదే ఉండాలట. అక్క బతుకు ఆ తాడుకే వేలాడుతుంటే వాడు చెయ్యి వదలడు కదా! తుట్టె మొత్తం కోయరు, ఈగలకు కొంత ఉంచుతారు.

నిరుడు సిటీ నుంచి ఒక ప్రైవేటు వ్యాన్‌లో వచ్చినప్పుడు మమ్మల్ని నేరుగా ఒక పెంటలోకి, అంటే చెంచుల గూడెంలోకి, తీసుకెళ్లారు. గుడిసెల ముందున్న ఆడవాళ్లను, పిల్లలను అందరూ ఫొటోలు తీశారు. ఒక్కరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అడవి మీద చెంచుల హక్కును 2006 అటవీ హక్కుల చట్టమే ఒప్పుకుంది. 2019లో ఇక్కడ యురేనియం తవ్వకాలు వద్దని గట్టిగా నిలబడ్డదీ వాళ్లే. అలాంటి వాళ్ల వాకిట్లోకి చెప్పకుండా ఎలా పోతాం?

ఈసారి "అన్నా, పెంటకు రావచ్చా?" అని ముందే అడిగాను. ఆయన వెళ్లి కనుక్కుని వచ్చారు. "ఇయ్యాల వద్దన్నరు సారూ, ఇంట్ల పానం బాగలేదంట." సరేనని జీపు వెనక్కి తిప్పించాం.

చైత్ర పౌర్ణమికి ఇదే అడవిలో లోయలో ఉన్న సలేశ్వరం జాతరకు వెళ్లేవాళ్లు నీళ్లకు స్టీలు సీసాలు తెచ్చుకోండి. లోయలోకి మోసుకెళ్లిన ప్లాస్టిక్‌ను మళ్లీ పైకి మోసేదెవరు?

దిగేటప్పుడు గైడన్న అన్నారు: "ఇప్పపూలు రాలేటప్పుడు రాండ్రి సారూ. అప్పుడు మళ్ల అడుగుదం."