ఐర్లండ్‌లో ఐడీ (ఇంటలెక్చువల్ డిసెబిలిటీ, అంటే మేధో వైకల్యం) నర్సింగ్ డిగ్రీ: నాలుగేళ్ళు చదివి, ఇప్పుడు అదే పనిలో ఉండి రాస్తున్న సమీక్ష

"జనరల్ నర్సింగ్‌కి లీవింగ్ సర్ట్ (ఇక్కడి ఇంటర్ లాంటి పరీక్ష) పాయింట్లు సరిపోకపోతే మా పాపతో ఐడీ నర్సింగ్ పెట్టించేస్తాం అక్కా, తర్వాత మారొచ్చు కదా?" ఐర్లండ్‌లో ఉన్న మన తెలుగువాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, అందుకే వివరంగా రాస్తున్నా. నేను ఇక్కడి పౌరసత్వం వచ్చాక 2020 సెప్టెంబర్‌లో మెచ్యూర్ స్టూడెంట్‌గా (23 నిండినవాళ్ళకు ఉండే కోటాలో) చేరాను, 2024లో పూర్తి చేశాను, అప్పటినుంచీ మేధో వైకల్యం ఉన్నవాళ్ళతోనే పని. నోరు తెరిచి చెప్పలేని మనిషి బాధను కనిపెట్టడం నేర్పడంలో ఈ డిగ్రీకి సాటి లేదు. కానీ జనరల్‌కి దొడ్డిదారి అనుకుని చేరితే నాలుగేళ్ళూ నలిగిపోతారు.

డబ్లిన్‌లోని ట్రినిటీ, డీసీయూ (డబ్లిన్ సిటీ యూనివర్సిటీ), లిమరిక్, కార్క్, వాటర్‌ఫర్డ్, డండాక్ లాంటి చోట్ల ఈ కోర్సు ఉంది. పాసయ్యాక నర్సింగ్ బోర్డు రిజిస్టర్‌లో మీ పేరు ఐడీ విభాగంలో చేరుతుంది, జనరల్‌లో కాదు. జనరల్ కావాలంటే తర్వాత మళ్ళీ ఇంకో కోర్సు చదవాలి. ఇండియాకి తిరిగి వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు ఇంకా గట్టిగా ఆలోచించుకోండి. అక్కడి బీఎస్సీ నర్సింగ్‌లో ఈ శాఖ లేదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం కోసం జాతీయ సంస్థే ఉన్నా, అక్కడ ప్రధానంగా తయారయ్యేది స్పెషల్ టీచర్లు, పునరావాస నిపుణులు.

మొదటి ఏడాది గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అనాటమీ, ఫిజియాలజీ, ఇంట్లో లాప్‌టాప్ ముందు కరోనా కాలపు క్లాసులు.

అసలు చదువు ప్లేస్‌మెంట్లలోనే, అంటే పని జరిగే చోటికి వెళ్ళి నేర్చుకునే శిక్షణలో. ఒక గ్రూప్ హోమ్‌లో (వైకల్యం ఉన్న కొందరు సిబ్బంది సాయంతో కలిసి ఉండే ఇల్లు) యాభై దాటిన ఒకావిడ ఉండేది, మాటలు రావు. భోజనానికి కూర్చోబెట్టగానే కుర్చీ వెనక్కి తోసేసి, వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడేది. ఫైల్లో వరసగా 'తిననంది', 'సహకరించలేదు' అని రాసి ఉంది, ప్రవర్తనకు ఇచ్చే మందు డోసు పెంచాలా అనే దాకా మాట వెళ్ళింది. నాకు నేర్పే నర్సు ఆ ఫైలు పక్కన పెట్టేసి బవెల్ చార్ట్ (రోజూ విరేచనం వివరాలు రాసే పట్టిక) తీసింది. ఆరు రోజులుగా సరైన విరేచనం లేదు. మధ్యలో రెండుచోట్ల 'కొద్దిగా, నీళ్ళగా' అని ఉండేసరికి అందరూ అవుతోందనే అనుకున్నారు, కానీ అది లోపల గట్టిపడ్డ మలం పక్కనుంచి జారుతున్న నీరు. డాక్టర్ చూసి చికిత్స చేశాక ఆవిడ కుర్చీలో కూర్చుని ప్లేటు ఖాళీ చేసింది. ఒంట్లో జబ్బును వైకల్యం ఖాతాలో వేసేయడాన్ని డయాగ్నస్టిక్ ఓవర్‌షాడోయింగ్ అంటారని క్లాసులో ఎన్నోసార్లు రాసుకున్నాం, దాని అర్థం నాకు ఎక్కింది మాత్రం ఆ చార్ట్ దగ్గరే. మలబద్ధకమే కదా అనిపిస్తుందేమో, మేధో వైకల్యం ఉన్నవాళ్ళలో దానితో ప్రాణాలు పోయినవాళ్ళు ఉన్నారు.

తిండి సంగతీ అంతే. మింగడం కష్టమైనవాళ్ళ కోసం ఆహారాన్నీ ద్రవాలనూ 0 నుంచి 7 దాకా స్థాయులుగా విడదీస్తారు. ఐదో స్థాయిలో పెద్దవాళ్ళకు ముక్క 4 మిల్లీమీటర్లు దాటకూడదు, ఫోర్క్ పళ్ళ మధ్య సందు కూడా ఇంచుమించు అంతే కాబట్టి దాంతోనే చూసుకుంటాం. అన్నం బంకగా ఉండకూడదు, మెతుకు మెతుకు విడిపోకూడదు. పొడిపొడిగా వస్తేనే బాగా వండినట్టు లెక్కేసే ఇంట్లో పెరిగిన నేను, అదే అన్నం ఒకరి గొంతుకు ప్రమాదం అవుతుందని ఇక్కడే తెలుసుకున్నా.

2015 నాటి అసిస్టెడ్ డెసిషన్ మేకింగ్ చట్టం నేను మూడో ఏడాదిలో ఉండగా, 2023 ఏప్రిల్ 26న అమల్లోకి వచ్చింది. 1871 చట్టం కింద నడిచిన, మనిషి నిర్ణయాలన్నీ కోర్టు చేతిలో ఉండే వార్డ్ ఆఫ్ కోర్ట్ పద్ధతిని అది తీసేసింది. పెద్దవాళ్ళెవరికైనా నిర్ణయించుకునే శక్తి ఉందనే మొదలుపెట్టాలి, అవసరమైతే సాయం చేయాలి. పిల్లల విషయాలన్నీ తల్లిదండ్రులే చూసుకునే ఇళ్ళ నుంచి వచ్చాం కదా, ఇది ఒంటపట్టడానికి టైం పడుతుంది. నా దృష్టిలో కోర్సులో అన్నిటికన్నా విలువైన పాఠం ఇదే.

ఇక కష్టాలు. చివరి ఏడాది 36 వారాల ఇంటర్న్‌షిప్, జీతం ఇస్తారు. నేను చేసిన ఒకచోట స్టాఫ్ కొరత ఎంతంటే, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళతోనే షిఫ్టులు నింపేవాళ్ళు, రాత్రి డ్యూటీలో ఏదైనా అడుగుదామంటే ఫోన్‌లో తప్ప మనిషి దొరికేవారు కాదు. అది తప్పు, విద్యార్థులకే కాదు, ఆ ఇంట్లో ఉండేవాళ్ళకూ అన్యాయం. జుట్టు పట్టుకుని లాగడం, కొరకడం, గీరడం జరుగుతాయి, దానికి మనసు సిద్ధం చేసుకోవాలి. ఐవీలూ (నరంలోకి ఎక్కించే మందులు, సెలైన్లు), కాన్యులాలూ (వాటికోసం నరంలో పెట్టే సన్నని గొట్టాలు) చేతికి అలవాటు కావాలంటే ఇక్కడ దొరకవు. హిక్వా (ఇలాంటి సేవల నాణ్యతను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ) ఇన్‌స్పెక్టర్లు చెప్పకుండా వస్తారు కాబట్టి రాతపని బాగా ఎక్కువ, అయినా ఆ తనిఖీలు ఉండాల్సిందే అంటాను. ఉద్యోగానికి మాత్రం టెన్షన్ లేదు, జీతం స్కేలు కూడా జనరల్ నర్సులదే.

చేరేముందు మీ ఊళ్ళో స్పెషల్ ఒలింపిక్స్ (మేధో వైకల్యం ఉన్నవాళ్ళ ఆటల) క్లబ్ ఉంటే కొన్నాళ్ళు వాలంటీర్‌గా వెళ్ళండి, పిల్లల్నీ పంపండి. అక్కడివాళ్ళతో గడపడం నచ్చితే కోర్సు నచ్చుతుంది, నచ్చకపోతే ఎన్ని పాయింట్లు వచ్చినా వద్దు. సీఏఓలో (కాలేజీ సీట్లకు అప్లై చేసే కేంద్ర సంస్థ) కోర్సుల ఛాయిస్‌లు జులై 1 దాకా మార్చుకోవచ్చు కానీ, 23 నిండి మెచ్యూర్ కోటాలో వచ్చేవాళ్ళు మాత్రం ఫిబ్రవరి 1 లోపే అప్లై చేయాలి, దాటితే మళ్ళీ వచ్చే ఏడాదే.