లెక్కల టీచరు లేని మూడో టర్మ్: మా అమ్మాయి చదివిన బడిపై సమీక్ష

మా అమ్మాయి విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో నాలుగు, ఐదు తరగతులు చదివింది. రెండేళ్లూ గడువులోగా ఫీజు కట్టిన తండ్రిగా, వృత్తిరీత్యా ఖాతాలు రాసే మనిషిగా ఆ బడి అందించిన సేవ గురించి ఇక్కడ రాస్తున్నాను. బడి పేరు రాయడం లేదు. 2025 ఆరంభంలో అక్కడ కొందరు టీచర్లను జీతం లేని సెలవుపై పంపడం ఆ ఒక్క బడిలోనే జరిగిన విషయం కాదని గోపాలపట్నం, గాజువాక, మధురవాడల్లో ఉన్న మా బంధువులతో మాట్లాడిన తర్వాత తెలిసింది.

ముందుగా బాగున్నవాటిని చెప్పాలి. బస్సు ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గరకు ప్రతిరోజూ చెప్పిన సమయానికే వచ్చేది. మరుగుదొడ్లు శుభ్రంగా ఉండేవి. ఆడపిల్లలు ఎక్కి దిగేటప్పుడు ఆయమ్మ తప్పనిసరిగా తోడుండేది. వీటిలో దేనికీ వంక పెట్టలేను.

అయితే నేను ఫీజు కట్టింది ప్రధానంగా బస్సు కోసం కాదు. నాలుగో తరగతిలో మా అమ్మాయికి లెక్కలు చెప్పిన టీచరు గారు ఆ బడిలో తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నారు. ఆవిడ నోట్సు దిద్దే పద్ధతి నేను మరే బడిలోనూ చూడలేదు. ఒకసారి మా అమ్మాయి 4,832ను 16తో భాగించి 32 అని జవాబు రాసింది. ఆవిడ దానిని కొట్టేసి సరైన జవాబు రాసి వదిలేయలేదు. పదుల స్థానం దగ్గర ఎర్ర సిరాతో చిన్న గడి గీసి, "ఇక్కడ ఉండాల్సిన సున్నా ఎక్కడికి పోయింది? రేపు నాకు చెప్పు" అని రాశారు. ఆ రాత్రి మా అమ్మాయి 32ను 16తో గుణించి 512 వచ్చేసరికి తప్పు తానే పట్టుకుని, సరైన జవాబు 302 అని మర్నాడు వెళ్లి చెప్పింది. ఒక పిల్ల ఎక్కడ తడబడుతోందో తెలిసిన మనిషి ఆ గదిలో ఉండడమే నా దృష్టిలో బడి అందించే అసలైన సేవ.

2025లో సంక్రాంతి సెలవులు ముగిసిన వారంలో డైరీలో ఒక సర్క్యులర్ అంటించి పంపారు. అడ్మిషన్లు తగ్గినందున, ఫీజు బకాయిలు పెరిగినందున ఫిబ్రవరి 1 నుంచి కొందరు ఉపాధ్యాయులను జూన్ వరకు జీతం లేని సెలవుపై పంపుతున్నామని, కొన్ని సెక్షన్లను కలిపి నడుపుతామని అందులో ఉంది. ఆ సెలవుకు వారు వాడిన మాట "ఫర్లో". మన పత్రికల్లో ఆ మాట ఖైదీలను కొన్నాళ్లు ఇంటికి పంపే సందర్భంలోనే కనిపిస్తుంది. తొమ్మిదేళ్లు పాఠం చెప్పిన మనిషి విషయంలో ఆ మాట చదవడం నాకు చాలా బాధ కలిగించింది. ఇంటికి వెళ్లినవారిలో లెక్కల టీచరు గారు ఉన్నారు. 31 మంది ఉన్న ఐదు ఏ, 29 మంది ఉన్న ఐదు బీ ఒకే గదిలోకి వచ్చాయి. ట్యూషన్ ఫీజు మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు.

తల్లిదండ్రుల ఒత్తిడి మీద పెట్టిన సమావేశం రెండు గంటలకు పైగా సాగింది. కరస్పాండెంట్ గారు చెప్పిన ఇబ్బందులు కల్పితమైనవి కావు. డీజిల్ ఖర్చు, భవనంపై తీసుకున్న రుణం వాయిదాలు, చుట్టుపక్కల కొత్తగా వచ్చిన పెద్ద బడులు, మూడో టర్మ్ ఫీజు కట్టకుండానే పిల్లల్ని మాన్పించే కుటుంబాలు ఇవన్నీ ఉన్నవే. చిన్న బడి నడపడం తేలిక కాదని నేనూ ఒప్పుకుంటాను. కొందరు తల్లిదండ్రులు యాజమాన్యం పక్షాన మాట్లాడారు. ఫీజు పెంచడం కంటే ఇదే నయమని ఒకరన్నారు. వేసవిలో టీచర్లకు ఎలాగూ పని ఉండదు కదా అని మరొకరన్నారు. అప్పుడు వెనక వరుసలో నిలబడి ఉన్న సోషల్ టీచరు గారు అనుమతి అడిగి మాట్లాడారు. తమకు జీతం వచ్చేది ఏడాదిలో పది నెలలకేనని, జీతం రాని మే నెల ఎండలో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరిగేది కూడా తామేనని, ఒక్కొక్కరికి ఇన్ని అడ్మిషన్లు తేవాలని లెక్క ఉంటుందని ఆవిడ నెమ్మదిగా చెప్పారు. హాలు కాసేపు నిశ్శబ్దమైంది. అందరి ముందు నిలబడి ఆ మాట చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఉద్యోగం చేసేవారికి తెలుస్తుంది.

సమావేశంలో మాకు చూపిన ఖర్చుల పట్టికను ఖాతాలు చూసే కళ్లతో చదివాను. రుణ వాయిదాలు "తప్పనిసరి" శీర్షిక కింద ఉన్నాయి. ఆ వేసవికల్లా తరగతుల్లో బిగించదలచిన డిజిటల్ బోర్డులు "అభివృద్ధి" కింద ఉన్నాయి. జీతాలు ఒక్కటే "సర్దుబాటుకు వీలైనవి" అనే శీర్షిక కింద ఉన్నాయి. నా అభ్యంతరమంతా ఆ శీర్షిక మీదే. మన రాష్ట్రంలో ప్రైవేటు బడుల గురించి 1994లో వచ్చిన జీవో నంబరు 1 ఫీజుల ఆదాయంలో సగం సిబ్బంది జీతాలకు, ఐదు శాతం మాత్రమే యాజమాన్యానికి అని విభజించింది. అంటే జీతాన్ని అందరికంటే ముందు నిలబెట్టింది. కానీ ఉపాధ్యాయుడికి ఉన్న రక్షణ అప్పటికీ పలచనైనదే. అప్పుడు అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఉపాధ్యాయులు కార్మికుల కిందికి రారని సుప్రీంకోర్టు 1988లో తేల్చినందువల్ల, పని లేదని తాత్కాలికంగా ఇంటికి పంపే లే-ఆఫ్ కాలంలో ఫ్యాక్టరీ కార్మికుడికి ఆ చట్టం కింద దక్కిన పరిహారం వీరికి దక్కలేదు. గ్రాట్యుటీ కూడా 2009లో చట్టాన్ని సవరించాకే వీరికి వర్తించింది. ఆ సవరణను ప్రైవేటు బడుల యాజమాన్యాలు సవాలు చేయగా 2022లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు, పోర్టు ఉన్న ఈ ఊళ్లో లే-ఆఫ్ అనే మాట తెలియని ఇల్లు తక్కువ. అయినా ఆ హాలులో ఉన్న చాలామందికి టీచర్లకు ఆ పాటి ఆసరా కూడా లేదన్న సంగతి కొత్తగానే వినిపించింది.

ఫర్లో అనే మాట బడుల విషయంలో ఎక్కడ వాడుకలో ఉందో తర్వాత చదివాను. అమెరికాలోని హవాయి రాష్ట్రంలో 2009లో బడ్జెట్ లోటు వచ్చినప్పుడు ప్రభుత్వం ఉపాధ్యాయ సంఘంతో ఒప్పందం చేసుకుని, ఆ విద్యా సంవత్సరంలో 17 శుక్రవారాలు బడులు మూసేందుకు నిర్ణయించింది. తల్లిదండ్రులు కోపంతో 2010 ఏప్రిల్‌లో గవర్నరు కార్యాలయంలో బైఠాయించారు. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే మరుసటి ఏడాదికి ఆ మూసివేతలు లేకుండా ఒప్పందం కుదిరింది. ఆ నిర్ణయాన్ని నేను మెచ్చుకోవడం లేదు. అయితే అక్కడ ఎన్ని రోజులు పోతున్నాయో కాగితం మీద ఉంది, బడికి తాళం పడింది కాబట్టి నష్టం అందరి కంటికీ కనబడింది. మా బడిలో పిల్లలు రోజూ బస్సెక్కి వెళ్లారు, గంట మోగింది, హాజరు పడింది. లేనిది టీచరు మాత్రమే. ఏం పోయిందో తెలియాలంటే నోట్సు తెరిచి చూడాల్సిందే.

నేను తెరిచి చూశాను. ఫిబ్రవరి రెండో వారంలో 6,024ను 12తో భాగించమన్న లెక్కకు మా అమ్మాయి 52 అని రాసి ఉంది. అదే సున్నా, అదే స్థానం దగ్గర పోయింది. దాని పక్కన ఎర్ర సిరాతో టిక్కు ఉంది. ఆ పేజీలోని పది లెక్కలకూ ఒకే వేగంతో పెట్టిన పది టిక్కులు, అడుగున తేదీ, పొట్టి సంతకం. సైన్సు చెప్పే టీచరు గారు తన క్లాసులతో పాటు ఈ అరవై మంది లెక్కల నోట్సులు కూడా దిద్దాల్సి వచ్చింది. ఆవిడను నేను తప్పు పట్టను. ప్రాథమిక తరగతుల్లో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం పెట్టిన లెక్క ఎందుకో ఆ పేజీ చూస్తే అర్థమవుతుంది. తప్పు జవాబుకు టిక్కు పడిన పిల్ల తనకు లెక్క వచ్చిందనే అనుకుంటుంది. "మిస్ కరెక్టే అన్నారు కదా నాన్నా" అని మా అమ్మాయి నాతో వాదించింది.

ప్రభుత్వ బడికి పంపితే ఈ బాధ ఉండదు కదా అని కొందరు అడుగుతారు. 2022లో వచ్చిన జీవో 117 కింద మూడు, నాలుగు, ఐదు తరగతులను ఉన్నత పాఠశాలల్లో కలిపినప్పుడు, ఏకోపాధ్యాయ బడులు పెరుగుతాయని ఉపాధ్యాయ సంఘాలు చేసిన వాదన అందరూ విన్నదే. 2025లో దానిని పక్కనపెట్టి కొత్త ఉత్తర్వులు ఇచ్చారు. అక్కడైనా ఇక్కడైనా ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు ముందుగా సెక్షన్లు కలపడం, టీచర్లను తగ్గించడమే గుర్తుకు రావడం నన్ను కలవరపెడుతోంది.

ఈ బడిలోనైనా మరో బడిలోనైనా పిల్లల్ని చేర్చబోయేవారు ఫీజు, బస్సు గురించి అడిగిన తర్వాత మరో రెండు ప్రశ్నలు అడగండి. నిరుడు జూన్‌లో ఉన్న టీచర్లలో ఎంతమంది ఈ జూన్‌లో ఉన్నారు? వారికి మే నెల జీతం ఇస్తారా? వీలైతే పై తరగతి పిల్లల లెక్కల నోట్సు ఒకటి అడిగి, ఫిబ్రవరి నెల పేజీలు చూడండి.

బస్సుకు, శుభ్రతకు, భద్రతకు నేను ఈ బడికి అయిదుకు నాలుగు ఇస్తాను. చదువుకు జనవరి వరకు అయిదు, ఆ తర్వాత ఒకటి. జూన్ 12న బడి తెరిచినప్పుడు లెక్కల టీచరు గారు తిరిగి రాలేదు. రమ్మని తనను ఎవరూ పిలవలేదని మేము పలకరించినప్పుడు ఆవిడ చెప్పారు. ఆ వారంలోనే టీసీకి దరఖాస్తు పెట్టాను. బడి మానడానికి కారణం అన్న గడిలో "లెక్కల టీచరు లేరు" అని రాసి ఇచ్చాను. గుమస్తా గారు అది చదివి, ఇబ్బంది పడుతూ, "సొంత కారణాలు అని రాయండి సార్, అందరూ అదే రాస్తారు" అన్నారు. నేను మార్చలేదు.