స్లాష్ కీ వెనుక ఉన్న పనితనం: లోటస్ 1-2-3ని ఈనాడు వాడి చూస్తే

పాత డాస్ వ్యవస్థ ప్రోగ్రాములను నేటి కంప్యూటర్ మీద నడిపే డాస్‌బాక్స్ అనే ఉచిత ఎమ్యులేటర్‌లో, అంకెల పట్టికలు వేసుకునే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ లోటస్ 1-2-3 రిలీజ్ 2.01 తెరిస్తే ఎనిమిది నిలువు వరుసలు, ఇరవై అడ్డు వరుసలు, వాటి పైన కొంత ఖాళీ స్థలం, కుడి మూలన ‘రెడీ’ అన్న ఒక్క మాట కనబడతాయి. బొమ్మల బటన్లు లేవు, మౌస్‌కు పని లేదు. 1986 నాటి ఈ సంచికను పాత రోజుల మీద మమకారంతో తెరిచేవారు చాలామందే ఉంటారు. నా దృష్టిలో మాత్రం దీన్ని ఇప్పటికీ వాడి చూడదగినదిగా నిలబెడుతున్నది ఆ మమకారం కాదు, స్లాష్ కీ నొక్కితే తెరుచుకునే మెనూ. ఆ మెనూను చదువుకుంటూ వెళ్ళే కొత్తవారికీ, చదవకుండా వేళ్ళతోనే పని కానిచ్చే పాతవారికీ, ముందే రాసి ఉంచిన కీల వరుసతో వారి బదులు తానే పనిచేసే మాక్రోకూ ఒకే భాష సరిపోయేలా చేసిన ఏర్పాటు అది.

ఆ ఏర్పాటు విలువ తెలియాలంటే ముందుగా విజికాల్క్‌ను చూడాలి. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ రూపొందించగా 1979లో యాపిల్ 2 కంప్యూటర్‌కు వచ్చిన ఆ ప్రోగ్రామే తర్వాతి స్ప్రెడ్‌షీట్లన్నింటికీ దారి వేసింది. ఐబీఎం పీసీ కోసం 1981లో వచ్చిన రూపాన్ని బ్రిక్లిన్ స్వయంగా వ్యక్తిగత వినియోగానికి ఉచితంగా అందుబాటులో ఉంచారు. ప్రోగ్రామ్ మొత్తం దాదాపు 27 కిలోబైట్లే కాగా, షీట్‌లో 63 నిలువు వరుసలు, 254 అడ్డు వరుసలు ఉంటాయి. ఇందులోనూ ఆదేశాలు స్లాష్‌తోనే మొదలవుతాయి. అయితే అది నొక్కగానే తెర మీద వచ్చేది విడి అక్షరాల వరుస ఒకటే. ఏ అక్షరానికి ఏ పని అన్నది పుస్తకం చూసో, ఎవరినైనా అడిగో తెలుసుకోవలసిందే. లెక్కల్లోనూ దీనికి కొన్ని సొంత పద్ధతులు ఉన్నాయి. 1+2*3 అని రాస్తే, ముందు హెచ్చవేత తర్వాతే కూడిక అని బడిలో నేర్చుకున్న నియమం ప్రకారం 7 రావాలి గానీ, విజికాల్క్ ఎడమ నుంచి కుడికి వరుసగా లెక్కిస్తూ పోయి 9 చూపిస్తుంది. తిరిగి లెక్కించేటప్పుడు కూడా నిలువు వరుసల క్రమంలోనో అడ్డు వరుసల క్రమంలోనో వెళ్తుంది తప్ప ఏ సెల్ (పట్టికలోని గడి) దేని మీద ఆధారపడి ఉందో చూడదు. అందువల్ల ముందున్న ఫార్ములా వెనకున్న సెల్‌ను అడిగితే సరైన జవాబు కోసం మళ్ళీ లెక్కించమని చెప్పవలసి వస్తుంది. చారిత్రక గౌరవంతో ఒకసారి తెరిచి చూడవలసిన ప్రోగ్రామ్ ఇది, రోజూ కూర్చుని వాడేది మాత్రం కాదు.

మిచ్ కేపర్, జొనాథన్ సాక్స్‌ల చేతుల మీదుగా 1983 జనవరిలో లోటస్ 1-2-3 మార్కెట్‌లోకి వచ్చింది. స్ప్రెడ్‌షీట్, గ్రాఫులు, డేటాబేస్ అనే మూడు పనులు ఒకే చోట జరుగుతాయన్నది ఆ పేరులోని ఉద్దేశం. ఇక్కడ స్లాష్ నొక్కితే వర్క్‌షీట్, రేంజ్, కాపీ, మూవ్, ఫైల్ అంటూ పూర్తి మాటలు ఒక పంక్తిలో పరుచుకుంటాయి. బాణం కీలతో ఒక్కో మాట మీదికి వెళ్తుంటే ఆ మాట ఏం చేస్తుందో, లేదా దాని లోపల ఏ ఏ ఆదేశాలు ఉన్నాయో కింది పంక్తిలో కనబడుతుంది. అంటే ఏదీ ఎంచుకోకముందే అన్నీ చదివి చూసుకునే వీలు ఉంది. ఒకే మెనూలోని మాటలను వేర్వేరు అక్షరాలతో మొదలయ్యేలా ఎంచుకోవడం వల్ల, బాణాలతో వెళ్ళే ఓపిక లేనివారు మొదటి అక్షరం నొక్కితే సరిపోతుంది. అంకెలను డబ్బు రూపంలో చూపించాలంటే రేంజ్, ఫార్మాట్, కరెన్సీ అని చదువుకుంటూ వెళ్ళినా, స్లాష్ ఆర్ ఎఫ్ సి అని నొక్కినా దారి ఒకటే. పదిసార్లు చదువుకుంటూ వెళ్ళినవారు పదకొండోసారి తమకు తెలియకుండానే అక్షరాలతో వెళ్తారు. నేటి ప్రోగ్రాముల్లో మెనూ వేరు, కీబోర్డ్ షార్ట్‌కట్ వేరు. ఒకటి వాడుతూ పోతే రెండోది దానంతట అది రాదు.

మాక్రోల సంగతి దీనికి కొనసాగింపే. చేత్తో నొక్కే అవే అక్షరాలను ఒక సెల్‌లో మామూలు పాఠంలా రాసి, ఎంటర్ నొక్కవలసిన చోట అలల గుర్తు (~) పెట్టి, ఆ సెల్‌కు బ్యాక్‌స్లాష్ (\) గుర్తుతో కలిపి ఒక అక్షరాన్ని పేరుగా ఇస్తే మాక్రో తయారవుతుంది. ఆల్ట్ కీతో ఆ అక్షరాన్ని నొక్కితే అది నడుస్తుంది. ప్రోగ్రామింగ్ అన్న మాట వింటేనే జంకే గుమాస్తాలు, లెక్కల ఉద్యోగులు తమకు తెలియకుండానే ప్రోగ్రాములు రాసింది ఇలాగే. అలా రాసుకున్న మాక్రోలన్నీ మెనూలోని అక్షరాల మీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి, ఆ మెనూను అనుకరించకుండా పోటీ సంస్థలు వినియోగదారులను తమ వైపు తిప్పుకోవడం కష్టమైంది. బోర్లాండ్ తన క్వాట్రో ప్రోలో ఆ మెనూ క్రమాన్నే అందించినప్పుడు లోటస్ కోర్టుకెక్కింది. ఆదేశాల క్రమం పనిచేసే పద్ధతే గనుక దానికి కాపీరైట్ వర్తించదని అమెరికా అప్పీలు కోర్టు 1995లో తీర్పు చెప్పగా, మరుసటి ఏడాది అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురు అటూ నలుగురు ఇటూ చీలిపోవడంతో ఆ తీర్పే నిలిచింది. ఎక్సెల్‌లో నేటికీ స్లాష్ నొక్కితే పై రిబ్బన్‌లోని ఆదేశాల మీద అక్షరాలు కనబడటం ఆ అలవాటుకు ఇచ్చిన మర్యాదే. అయితే అది పాత మెనూ కాదు, దాని తలుపు మాత్రమే.

కుడి మూలన ఉన్న ఆ చిన్న మాట కూడా మెచ్చుకోదగినదే. అంకె మొదలుపెడితే ‘వాల్యూ’, పాఠం మొదలుపెడితే ‘లేబుల్’, ఫార్ములా మధ్యలో బాణంతో సెల్‌ను చూపిస్తుంటే ‘పాయింట్’ అని మారుతూ, ప్రోగ్రామ్ మనం చేస్తున్నది ఏమని అర్థం చేసుకుంటోందో ప్రతి క్షణం చెబుతుంది. వేగం విషయంలో ఇప్పుడు తీర్పు చెప్పడం న్యాయం కాదు. యంత్రానికి బాగా దగ్గరగా ఉండే అసెంబ్లీ భాషలో రాసి, తెర మెమరీలోకి నేరుగా రాసేలా చేయడం ఆనాటి పీసీ మీద పెద్ద మేలు గానీ, నేటి కంప్యూటర్ మీద అన్నీ వేగమే.

ఇక లోపాలు. ఈ సంచికలో చేసిన పనిని వెనక్కి తీసుకునే వీలు లేదు. వేళ్ళకు అలవాటైన వేగమే ఇక్కడ శత్రువు అవుతుంది, ఎందుకంటే స్లాష్ డబ్ల్యు ఇ వై అన్న నాలుగు మీటలు షీట్ మొత్తాన్ని తుడిచేస్తాయి. నడుస్తున్న కొద్దీ తనంతట తాను సేవ్ చేసుకోవడమూ లేదు. గ్రాఫ్ తెర మీద ముచ్చటగానే వస్తుంది గానీ, దాన్ని కాగితం మీదికి తేవాలంటే ప్రింట్‌గ్రాఫ్ అనే వేరే ప్రోగ్రామ్ తెరవాలి. మూడు పనులూ ఒకే చోట అని పేరు పెట్టుకున్నదానికి ఇది తగని వ్యవహారం. 256 నిలువు వరుసలు, 8192 అడ్డు వరుసలు ఉన్నాయని చెప్పినా, డాస్ మెమరీలో అంత నింపే చోటు ఉండదు. రోమన్ లిపి ఆధారంగా ఉన్న అక్షరాల పట్టికలో మన లిపికి చోటే లేదు. ఒక సెల్‌లో 60 వేసి తేదీ రూపం ఇస్తే 1900 ఫిబ్రవరి 29 చూపిస్తుంది. లీపు సంవత్సరం కాని ఏడాదికి లేని రోజును కలిపిన ఆ లెక్కను, పాత ఫైళ్ళు పొసగాలని ఎక్సెల్ కూడా అలాగే ఉంచేసింది. దీన్ని లోపమనే అంటాను గానీ, ఇంతకాలం ఇంతమంది గౌరవించిన తప్పు మరొకటి దొరకడం కష్టమే.

నెలవారీ ఖర్చుల పట్టిక, అప్పు వాయిదాల లెక్క వంటి చిన్న పనులకు, ముఖ్యంగా దృష్టి చెదరకుండా అంకెలతో కూర్చోవాలనుకునేవారికి దీన్ని నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. నలుగురితో పంచుకునే షీట్లకు, పెద్ద డేటాకు వద్దు. ఎమ్యులేటర్ లేకుండా లినక్స్ మీదే నడపాలనుకునేవారికి, యూనిక్స్ కోసం వచ్చిన పాత 1-2-3ని భద్రతా పరిశోధకుడు టావిస్ ఓర్మాండీ 2022లో నడిచేలా చేసిన రూపం ఉంది. అందులో డాస్‌బాక్స్ పొర అడ్డు ఉండదు. రిలీజ్ 2.01లో తయారైన డబ్ల్యుకె1 రకం ఫైళ్ళను ఎక్సెల్ 2007 నుంచీ తెరవడం లేదు, లిబ్రెఆఫీస్ కాల్క్ మాత్రం తెరుస్తుంది. సెల్‌లలోని మాక్రోలు అక్కడ మామూలు పాఠంగా కనిపిస్తాయే తప్ప నడవవు కాబట్టి, మాక్రోలున్న షీట్‌ను మార్చుకున్నా అసలు ఫైల్‌ను చెరపకుండా ఉంచుకోవాలి.