గుడ్‌రీడ్స్, స్టోరీగ్రాఫ్: ప్రేమకథలూ ఫాంటసీలూ కలిసి చదివేవారికి ఎంతవరకు పనికొస్తాయి?

ప్రేమకథలను, ఫాంటసీ నవలలను ఇష్టంగా చదివేవారికి పుస్తకం పూర్తికాగానే ఆ కథనే చదివిన మరొక మనిషి కావాలనిపిస్తుంది. అదే కథ చదివి, అదే అధ్యాయం దగ్గర ఆగి, అదే పాత్ర మీద కోపం తెచ్చుకున్న మనిషి దొరికితే పుస్తకం రెండోసారి చదివినంత తృప్తి కలుగుతుంది. ఆ మనిషి కోసమే నేను చాలా ఏళ్లుగా గుడ్‌రీడ్స్‌ను, ఆ తరువాత దానితో పాటు స్టోరీగ్రాఫ్‌ను వాడుతున్నాను. చదివిన పుస్తకాలను నమోదు చేసుకుని, వాటి మీద అభిప్రాయాలు రాసుకునే ఇంటర్నెట్ వేదికలివి. చదివిన పుస్తకాల లెక్క పెట్టుకోవడానికి ఈ రెండింటిలో ఏది మేలన్న విషయం మీద సమీక్షలకు కొదవ లేదు కాబట్టి ఇక్కడ ఆ జోలికి పోను. నచ్చిన కథను తోటి పాఠకులతో పంచుకోవడానికి ఇవి ఎంతవరకు ఉపకరిస్తాయన్నదే ఈ సమీక్ష. నా తీర్పు ముందే చెబుతాను: ఈ రెండు రకాల కథలకు నక్షత్రాల రేటింగ్ దాదాపు పనికిరాదు, ఎవరు ఎంతవరకు చదివారో చూసి, అంతవరకే ఇతరుల మాటలను తెరిచే ఏర్పాటు మాత్రం వెలకట్టలేనిది.

గుడ్‌రీడ్స్ 2007లో మొదలైంది, 2013లో అమెజాన్ దాన్ని కొనుగోలు చేసింది. స్టోరీగ్రాఫ్ 2019లో నదియా ఒడునాయో అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మొదలుపెట్టిన చిన్న ప్రయత్నం. వయసులోని ఈ తేడా వాడుకలో స్పష్టంగా కనిపిస్తుంది. ఎంత మూలనపడ్డ ఫాంటసీ పుస్తకం పేరు వెతికినా గుడ్‌రీడ్స్‌లో దాని గురించి ఎవరో ఒకరు నాలుగు వాక్యాలు రాసే ఉంటారు. రెండోదానిలో అలాంటి పుస్తకానికి ఒక్కోసారి సమీక్షలేవీ ఉండవు. మనుషులను వెతుక్కోవడానికి మొదటిది, వారితో కలిసి చదవడానికి రెండోది అన్న విభజన నా వాడుకలో దానంతట అదే ఏర్పడింది. గుడ్‌రీడ్స్‌లోని జాబితాను ఒక ఫైలుగా దించుకుని స్టోరీగ్రాఫ్‌లోకి ఎక్కించే వీలుంది కాబట్టి ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న పుస్తకాల చిట్టాను మళ్లీ మొదటినుంచి రాసుకోనక్కరలేదు.

నక్షత్రాల సంగతికి వస్తే, గుడ్‌రీడ్స్‌లో ఒకటి నుంచి ఐదు వరకు పూర్తి నక్షత్రాలే ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో అర్థం కూడా అక్కడే ఇచ్చారు: రెండు నక్షత్రాలంటే ఫరవాలేదని, మూడంటే నచ్చిందని, నాలుగంటే బాగా నచ్చిందని. ఆ అర్థాలను గుర్తుపెట్టుకుని రేటింగ్ ఇచ్చేవారు నాకు అరుదుగా తగిలారు. మూడు నక్షత్రాలను చాలామంది పుస్తకం బాగాలేదన్న మాటగానే చదువుతారు. స్టోరీగ్రాఫ్‌లో పావు నక్షత్రం తేడా కూడా చూపవచ్చు గానీ, దానితో సమస్య తీరదు. ఎందుకంటే ప్రేమా ఫాంటసీ కలిసిన నవలలో మనం రెండు వేర్వేరు కథలను కొలుస్తున్నాం. లోకనిర్మాణం అద్భుతంగా ఉండి, మంత్రశక్తికి నియమాలు పకడ్బందీగా ఉండి, నాయికానాయకుల మధ్య మాత్రం చలనమే లేని పుస్తకానికి ఎన్ని నక్షత్రాలివ్వాలి? రాజ్యమంతా అట్టముక్కల సెట్టింగులా తేలిపోయినా, ఇద్దరు మనుషులు ఒకరినొకరు నమ్మడం నేర్చుకునే తీరు మనసులో నిలిచిపోయే పుస్తకానికి ఎన్ని? రెండింటికీ మూడున్నర ఇస్తే, ఆ అంకె చూసి పుస్తకం ఎంచుకునే స్నేహితురాలికి నేను చెప్పింది శూన్యం. అందుకే ఇప్పుడు అలవాటుకొద్దీ నక్షత్రాలు ఇస్తాను తప్ప, ఎవరి నక్షత్రాలనూ చూసి పుస్తకం తెరవను.

స్టోరీగ్రాఫ్ అడిగే ప్రశ్నలు ఈ విషయంలో చాలా నయం. పుస్తకం ముగించాక అది ఏ భావాన్ని మిగిల్చింది, నడక వేగమా నిదానమా, కథను నడిపింది సంఘటనలా పాత్రలా, పాత్రలు బాగా ఎదిగాయా, వాటిని ప్రేమించగలిగామా అని అడుగుతుంది. పైకి ఇవి చప్పని ప్రశ్నలే. కానీ అందరి జవాబులూ కలిసి పుస్తకం పేజీలో కనిపించినప్పుడు, ప్రేమ నెమ్మదిగా రాజుకునే స్లో బర్న్ కథల కోసం తపించే పాఠకురాలికి కావలసిన సమాచారం సరిగ్గా అక్కడే దొరుకుతుంది. నిదానంగా నడుస్తుందని, పాత్రలే నడుపుతాయని ఎక్కువమంది చెప్పిన ఫాంటసీ నా చేతికి వస్తే నాకు పండగే. యుద్ధాలనూ కుట్రలనూ కోరే నా తోటి పాఠకుడు అదే వివరం చూసి పక్కకు తప్పుకుంటాడు. ఇద్దరికీ ఒకే సమాచారం ఉపయోగపడింది, ఎవరూ ఎవరి అభిరుచినీ కించపరచలేదు.

కంటెంట్ వార్నింగుల ఏర్పాటు కూడా ఇక్కడ విలువైనదే. హింస, బలవంతం, ప్రియమైనవారి మరణం వంటి అంశాలు పుస్తకంలో ఎంత మోతాదులో ఉన్నాయో తీవ్రం, మధ్యమం, స్వల్పం అన్న మూడు స్థాయిలలో పాఠకులు గుర్తిస్తారు. ప్రేమకథ అని ఊరట కోసం తెరిచిన పుస్తకంలో బలవంతపు దృశ్యం ఎదురైతే ఆ చేదు చాలా రోజులు వెంటాడుతుంది కాబట్టి నేనెవరికైనా పుస్తకం సూచించే ముందు ఈ జాబితా ఒకసారి చూస్తాను. దీనికో మెలిక కూడా ఉంది. తల్లి లేదా తండ్రి మరణం తీవ్రస్థాయిలో ఉందని హెచ్చరిక చెబితే, పెంచిన తండ్రితో ఎంతో చనువుగా మొదలైన కథలో ఏం జరగబోతోందో మొదటి అధ్యాయంలోనే అర్థమైపోతుంది. అవసరమైనవారు చూసుకుంటారు, అక్కరలేనివారు ఆ భాగం తెరవకుండా వదిలేస్తారు అన్న పద్ధతే దీనికి సరైనది.

కథలోని మలుపులను ముందే బయటపెట్టే స్పాయిలర్ల విషయం దగ్గరే ఈ రెండు సాహిత్యాల స్వభావం ఒకదానికొకటి అడ్డొస్తుంది. అమెరికాలోని రొమాన్స్ రచయితల సంఘం ఈ ప్రక్రియను నిర్వచిస్తూ రెండే లక్షణాలు చెప్పింది: కథకు కేంద్రంగా ఒక ప్రేమకథ ఉండాలి, ముగింపు మనసుకు తృప్తినిచ్చేదిగా, ఆశాజనకంగా ఉండాలి. అంటే చివరికి ఇద్దరూ కలుస్తారన్న సంగతి రహస్యమే కాదు, అది పాఠకురాలికి ముందే ఇచ్చిన మాట. ప్రేమకథలో రహస్యం ఎలా కలుస్తారన్న దాంట్లో ఉంది; ఏ మాట దగ్గర కోపం కరిగింది, ఏ నిజం బయటపడి మళ్లీ ఎడబాటు వచ్చింది అన్నది ముందే తెలిస్తే రుచి పోతుంది. ఫాంటసీలో అలాంటి హామీ ఏదీ లేదు. అక్కడ ఎవరు బతుకుతారు, సింహాసనానికి అసలు వారసుడెవరు, గురువు ఎవరి పక్షాన ఉన్నాడు అన్న ప్రతిదీ దాచవలసిందే. ఈ రెండూ కలిసిన నవలలను ఇప్పుడు రొమాంటసీ అంటున్నారు. గుడ్‌రీడ్స్ తన వార్షిక పాఠకుల పురస్కారాలలో ఆ పేరుతో ఒక విభాగాన్ని 2023లో చేర్చింది. ఈ విభాగం పుస్తకాల మీద చర్చలో కూర్చున్నవారిలో సగం మంది ప్రేమకథ వైపునుంచి, సగం మంది ఫాంటసీ వైపునుంచి వచ్చినవారు ఉంటారు. మొదటివారికి ముగింపు చెప్పడం తప్పనిపించదు, రెండోవారికి నాయకుడు రెండో భాగంలోనూ ఉన్నాడని చెప్పినా ప్రాణం పోతుంది. పైగా ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

గుడ్‌రీడ్స్‌లో దీనికి ఉన్న ఉపాయం దాచిపెట్టడం. సమీక్షలో కొంత భాగాన్నిగానీ మొత్తాన్నిగానీ స్పాయిలర్‌గా గుర్తిస్తే, చదవదలచినవారు నొక్కి తెరుచుకోవచ్చు. కానీ ఏది స్పాయిలర్ అన్న నిర్ణయం రాసినవారి చేతిలోనే ఉంటుంది. తెరవాలో వద్దో నిర్ణయించుకోవలసిన పాఠకురాలికి ఆ మూతకింద ఏ అధ్యాయం సంగతి ఉందో తెలిసే దారి లేదు. నేను సగం పుస్తకం దగ్గర ఉన్నాను, ఆ మూతకింద ఉన్నది పదో అధ్యాయం సంగతా, ఆఖరి అధ్యాయం సంగతా?

స్టోరీగ్రాఫ్‌లోని బడ్డీ రీడ్ ఈ చిక్కును నిర్ణయం అక్కరలేకుండానే విడదీస్తుంది. కొందరం కలిసి ఒక పుస్తకం మొదలుపెడతాం. ఎవరైనా ముప్ఫై శాతం దగ్గర ఒక వ్యాఖ్య రాస్తే, నా చదువు ముప్ఫై శాతానికి చేరేదాకా అది నాకు తెరుచుకోదు. అక్కడొక వ్యాఖ్య ఉందని మాత్రం తెలుస్తుంది. ఈ చిన్న సంగతి చదివే తీరునే మార్చేస్తుంది. నాకన్నా ముందు పరుగెత్తిన స్నేహితురాలు అరవైనాలుగు శాతం దగ్గర ఏదో రాసి పెట్టిందని తెలిసినప్పుడు, అక్కడ ఏం జరగబోతోందో తెలియకపోయినా ఏదో జరగబోతోందన్న ఉత్కంఠ పుట్టుకొస్తుంది. తాళం తెరుచుకున్నాక కనిపించేది చాలాసార్లు పెద్ద విశ్లేషణ కూడా కాదు, ‘వీడు అబద్ధం చెబుతున్నాడని నాకు అనుమానం’ అన్న ఒక్క వాక్యం. ఆమె ఊహ తప్పని కథ ముగిశాక తెలిసినా, ఆ క్షణంలో ఆమె మనసులో ఉన్నది చెక్కుచెదరకుండా నా దాకా వచ్చింది. పుస్తకం ముగించాక రాసే సమీక్షలో ఇలాంటి వాక్యాలు మిగలవు, ఎందుకంటే ముగింపు తెలిసినవారు తమ పాత అనుమానాలను తెలియకుండానే సర్దేసుకుంటారు. ఇద్దరు మనుషుల మధ్య నమ్మకం ఎలా పెరిగిందన్నదే కథాంశమైన పుస్తకాలకు పాఠకుల నమ్మకం ఎక్కడ పెరిగింది, ఎక్కడ తరిగింది అన్న చరిత్ర కన్నా మంచి సమీక్ష ఏముంటుంది?

అయితే ఈ శాతాల లెక్కకు కొన్ని తిప్పలున్నాయి. ఫాంటసీ నవల ఈ-పుస్తకంలో కథ నూరు శాతం దగ్గర ముగియదు. వెనక వంశవృక్షాలు, పదకోశం, రచయిత కృతజ్ఞతలు, తరువాతి భాగం నుంచి ఒక అధ్యాయం ఉంటాయి కాబట్టి అసలు కథ తొంభై రెండు, తొంభై మూడు దగ్గరే అయిపోవచ్చు. అచ్చుపుస్తకం చదివేవారి పేజీలకూ, ఈ-పుస్తకం చదివేవారి శాతాలకూ మధ్య కొంత తేడా తప్పదు, ఒక్కోసారి దృశ్యం పూర్తికాకముందే వ్యాఖ్య తెరుచుకుంటుంది. మేము పెట్టుకున్న నియమం సులువైనది: అధ్యాయం ముగిశాకే రాయాలి, స్థానాన్ని రెండు శాతం వెనక్కి జరిపి నమోదు చేయాలి. ఆడియో పుస్తకం వినేవారితో మరో సరదా ఇబ్బంది ఉంది. వారికి కల్పిత దేశాల, పాత్రల పేర్లు ఎలా పలకాలో తెలుసు, ఎలా రాస్తారో తెలియదు; చదివేవారి సంగతి దీనికి తలకిందులు. ఒకే మాంత్రికుడి గురించి మాట్లాడుకుంటున్నామని ఇరుపక్షాలకూ అర్థమయ్యేసరికి సంభాషణ సగం అయిపోతుంది. దేశపటం చూసే అవకాశం కూడా వినేవారికి లేదు, కాబట్టి ప్రయాణాలు ఎక్కువగా ఉన్న కథల్లో మా బృందంలో ఒకరు దారి వివరిస్తూ ఉంటారు.

వరుస పుస్తకాల పేజీల గురించి ఒక హెచ్చరిక. రెండు వేదికల్లోనూ ఒక శ్రేణిలోని పుస్తకాలన్నీ వరుసగా కనిపిస్తాయి, అది చదివే క్రమం తెలుసుకోవడానికి ఎంతో సౌకర్యం. ఫాంటసీ శ్రేణిలో మూడో భాగం అట్టవెనుక మాటలు చదివితే మొదటి రెండు భాగాల్లో ఎవరు బతికారో తెలిసిపోతుంది. ప్రేమకథల శ్రేణులలో ఒక కుటుంబంలోని అన్నదమ్ముల్లో ఒక్కొక్కరిది ఒక్కో పుస్తకంగా వచ్చే సంప్రదాయం ఉంది కాబట్టి అక్కడ నష్టం తక్కువే, పైగా తరువాతి జంట ఎవరో తెలియడం ఒక ఊరింపు. కొత్తగా శ్రేణి మొదలుపెట్టే స్నేహితులకు నేను లంకె పంపను, పేరు మాత్రమే పంపుతాను.

గుంపు వల్ల వచ్చే సమస్యలు గుడ్‌రీడ్స్ వంటి పెద్ద వేదికలో ఎక్కువ. ముందస్తు ప్రతులు చదివినవారి కోసం విడుదలకు ముందే రేటింగ్ ఇచ్చే వీలు అక్కడ ఉంది. పుస్తకం చదవనివారు సైతం రచయిత మీద కోపంతో ఒక్క నక్షత్రం ఇచ్చి పోవడానికీ అదే దారి అవుతుంది. అసాధారణంగా రేటింగులు వచ్చి పడుతున్న పుస్తకాల మీద రేటింగులను, సమీక్షలను తాత్కాలికంగా నిలిపివేయగలమని ఆ సంస్థ 2023లో ప్రకటించింది. వెల్లువ వచ్చాక తలుపు మూయడమే అయినా అసలు లేకపోవడం కన్నా నయం. ఇంకొకటి, ప్రేమకథలు చదివేవారిని చిన్నచూపు చూసేవారు ఏ వేదికలోనైనా ఉంటారు. నేను చేరిన ఒక పెద్ద చర్చాబృందంలో ఫాంటసీ పుస్తకంలో ప్రేమ అధ్యాయం గురించి ఎవరు రాసినా వెక్కిరింపు తప్పేది కాదు. యుద్ధవ్యూహం మీద మూడు పేరాలు రాసినవారిని మాత్రం ఎవరూ ఏమీ అనేవారు కాదు. అలాంటి చోట వాదించి గెలవవలసిన అవసరం నాకు కనిపించలేదు. తెలిసిన నలుగురితో చిన్న బడ్డీ రీడ్ పెట్టుకోవడం వెయ్యిమంది ఉన్న బృందం కన్నా ఎక్కువ మాటలను ఇచ్చింది.

కొత్తగా మొదలుపెట్టేవారు రెండింటిలోనూ ఖాతా తెరవవచ్చు, రెండింటినీ డబ్బు కట్టకుండానే వాడుకోవచ్చు. గుడ్‌రీడ్స్‌లో సమీక్షలు చదివి, శత్రువులు ప్రేమికులయ్యే కథలనో, డ్రాగన్లున్న కథలనో తమ అల్మారాలలో, అంటే అక్కడి పుస్తకాల జాబితాలలో, విడిగా పెట్టుకున్నవారిని వెతకండి. వారి అల్మారాలో మీకు నచ్చిన పుస్తకాలు నాలుగైదు కనిపిస్తే ఆ మనిషి నక్షత్రాల కన్నా వాక్యాలను నమ్మండి. స్నేహం కుదిరాక ఇద్దరూ చదవని పుస్తకం ఒకటి ఎంచుకుని స్టోరీగ్రాఫ్‌లో మొదలుపెట్టండి, వీలైతే శ్రేణిలో కాకుండా ఒక్క పుస్తకంతో ముగిసే కథను. చదివే వేగాలలో తేడా ఉంటే నిదానంగా చదివేవారిని తొందరపెట్టనక్కరలేదు, ముందున్నవారు రాసిపెట్టిన వ్యాఖ్యలు వారు వచ్చేదాకా తాళం వేసే ఉంటాయి.