గుల్లలు నేలమీద చల్లాలా, తాళ్లకు కట్టాలా?

వనామి రొయ్య ధర పడినప్పుడల్లా నన్ను అందరూ అడిగేది ఇదే. గుల్లలకు, అంటే ఆల్చిప్పలకు, మేత అక్కర్లేదు, నీటికి గాలి పట్టించే ఏరేటర్లకు కరెంటు బిల్లు ఉండదు అన్న సంగతి అడిగేవాళ్లకు ముందే తెలుసు. పద్ధతి దగ్గరే తేల్చుకోలేకపోతున్నారు.

ఆల్చిప్పల సాగు మన తీరానికి కొత్తేమీ కాదు. 1910 ప్రాంతంలోనే మద్రాసు మత్స్య నిపుణుడు జేమ్స్ హార్నెల్ పులికాట్ సరస్సులో ప్రయత్నించి చూశాడు. సాగు పద్ధతుల్ని 1970లలో తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు నిలబెట్టారు. కేరళలో అష్టముడి కాయల్ (ఉప్పునీటి సరస్సు) మీద ఆడవాళ్ల సంఘాలు తాళ్ల పద్ధతినే పట్టుకున్నాయి.

అయితే తూత్తుకుడిలో గోదావరి లేదు. మన దగ్గర అంతా ఎర్రనీటితోనే, అంటే గోదావరి వరదతోనే తేలుతుంది.

ఉప్పు తగ్గితే ఆల్చిప్ప మూత బిగించుకుని కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. నీళ్లు వెచ్చగా ఉంటే అంతకాలం ఆగలేదు. మంచినీరు తేలిక కాబట్టి పైపైన పోతుంది, ఉప్పునీరు అడుగున ఉంటుంది. కాబట్టి నేలమీదున్న గుల్లే క్షేమం అనుకుని, ఒక ఏడాది తాళ్లరేవు వైపు ఒక పాయలో నేలమీదే చల్లాను. ఖర్చు లేదు, గుంజలు లేవు, హాయి అనుకున్నాను. వరద తీశాక పాటుకి (సముద్రం వెనక్కి తగ్గినప్పుడు) దిగి చెయ్యి పెడితే గుల్లలు తగల్లేదు, బురద తగిలింది. అరచెయ్యి మందాన ఒండ్రు. ఉప్పు సంగతి చూసుకున్నాను గానీ ఒండ్రు సంగతి మర్చిపోయాను.

తాళ్లయితే అడుగుకి ఎత్తుగా వేలాడతాయి కాబట్టి ఒండ్రు బెడద తక్కువ. సరుగుడు గుంజలు పాతి, అడ్డకర్రలు కట్టి, నైలాన్ తాడుకి అరడజను ఖాళీ చిప్పలు గుచ్చి దించుతారు. సీడు (పిల్ల గుల్లలు) వాటినే పట్టుకుని పెరుగుతుంది. పెద్ద వరదకు ఇవీ చస్తాయి, దాచడం ఎందుకు? నాకు నచ్చింది వేరే. వరద వచ్చేలోపు తాళ్లను రెండు మూడు పాట్లలో ఒడ్డుకు చేర్చేయొచ్చు. నేలమీదవి తడుముకుంటూ ఏరేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. 2022లో జూలై నడిమికే ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక, అంటే 17.75 అడుగులు, దాటింది. కాబట్టి లెక్క జూన్‌కే ముగించుకోవాలి. అష్టముడి వాళ్లు చేసేదీ అదే: వానలు వెనకబట్టాక సీడు పట్టి, మళ్లీ వానాకాలం వచ్చేలోపు కోసేస్తారు.

తెప్పలకో, లాంగ్‌లైన్లకో (తేలే బుడ్లకు కట్టిన పొడవాటి తాళ్లు) వేలాడదీయాలంటే లోతు ఉండాలి, అలల తాకిడి తగ్గాలి. కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ చాటున తప్ప నాకు ధైర్యం చాలదు, తుపానొస్తే అదీ లేదు. ట్రేలలో పెంచడం ఖరీదు, డబ్బున్నవాళ్ల ముచ్చట.

కోరంగి అభయారణ్యం హద్దుల్లోకి గుంజలు దించకండి. గుంజల్ని నీటిపురుగు తొలుస్తుంది, అందుకని ఏటా కొన్ని మార్చుకోవాలి. అమ్మే ముందు గుల్లల్ని కనీసం ఒక రోజు వడకట్టిన ఉప్పునీటిలో ఉంచితే లోపలి మురికి దిగుతుంది. ఈసారి నేను కార్తికంలో తాళ్లు దించుతున్నాను, జ్యేష్ఠం దాటనివ్వను.