నల్లడబ్బాలో పులివేషం: ఫెడివర్స్‌లో మూడేళ్లు వీడియోలు పెట్టాక

బరంపురంలో ఉంటూ మూడేళ్లుగా ఫెడివర్స్‌లో వీడియోలు పెడుతున్నాను. ఫెడివర్స్ అంటే ఒకే కంపెనీ చేతిలో కాకుండా, ఎవరెవరివో వేర్వేరు సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ నడిచే సోషల్ మీడియా. ఖాతా ఎలా తెరవాలో, సర్వర్ ఎలా ఎంచుకోవాలో చెప్పను, అవి అందరికీ తెలిసినవే. నా బాధంతా ఒక్కదాని గురించే. వీడియో నొక్కకముందు కనిపించే బొమ్మ, ఆ ప్రివ్యూ.

2025లో ఠాకురాణి యాత్ర జరిగింది. రెండేళ్లకోసారి అమ్మవారు పుట్టింటికి, అంటే దేశిబెహరా వీధికి వస్తుంది. ఆ ఇంటివాళ్లు తెలుగు మాట్లాడే దేరా నేతవాళ్లే. మొక్కున్నవాళ్లు వేషాలు కడతారు. మా పెద్దోడు పులివేషం కట్టాడు. రాత్రి వీధిలో తీశాను. మొహం మీద పసుపురంగు చెమటకి చెవుల పక్కనుంచి కారుతోంది, వాడు చేత్తో తుడవకుండా భుజానికి రాసుకుంటూ ఆడుతున్నాడు. అంత దగ్గరగా పడింది. సూరత్ పవర్‌లూముల్లో పనిచేసే మా మేనల్లుడికి సెలవు దొరకలేదు, ముఖ్యంగా వాడి కోసమే పెట్టాను.

గంటకి ఫోన్ చేశాడు. “ఏటి మావయ్యా, నల్లడబ్బా పెట్టావు? ఏటీ లేదందులో.”

“నొక్కరా, ఆడుతాది.”

“నొక్కాలని ఎవడికి తెలుస్తాది? మా గదిలోవాళ్లంతా కిందకి తోసేశారు.”

కారణం తెలియడానికి నాకు వారం పట్టింది. మా సర్వర్ వీడియోలోని మొట్టమొదటి ఫ్రేముని తీసి ప్రివ్యూగా పెడుతుంది. ట్యూబులైటు దగ్గరికి రాకముందే నేను రికార్డు నొక్కాను, మొదటి మూడు సెకన్లు చీకటి. అందుకని నలుపు. పైగా బొమ్మ దిగేలోపు ఒక మసక రంగుల మచ్చ చూపిస్తారు, నల్లటి ఫ్రేముకి అదీ నలుపే. తప్పు నాదే అనుకోవచ్చు, కాని మధ్యలో ఒక ఫ్రేము ఎంచుకోమని నన్ను ఒక్కమాట అడిగితే ఏం పోయింది?

అంతకుముందు పొడుగు వీడియోలు వేరే చోట పెట్టి లింకు ఇచ్చేవాణ్ణి. అక్కడ ఇంకో తిప్పలు. లింకు కింద బొమ్మతో వచ్చే చిన్న పెట్టె, అంటే కార్డు, ఒకచోట తయారై అందరికీ వెళ్లదు. ఏ సర్వర్‌కి ఆ సర్వరే వెళ్లి ఆ పేజీ చదివి, బొమ్మ తెచ్చుకుంటుంది. నాకు కార్డు బాగానే కనపడేది, మేనల్లుడి సర్వర్లో ఉత్త లింకే. ఒకేసారి అన్ని సర్వర్లూ తలుపు తడితే చిన్న సైటు ఊపిరాడక బదులివ్వదు, కొన్ని సైట్లు అసలు రానివ్వవు. అలా ఎవరికి బొమ్మ దక్కుతుందో, ఎవరికి దక్కదో పెట్టేవాడికి కనపడదు. నా తెర మీద అంతా బాగుంది, ఆ బాగుండటమే నన్ను మోసం చేసింది.

మంచి కూడా చెప్పాలి. వీడియోకి మనమే వేరే బొమ్మ పెట్టే సదుపాయం ఉంది. నా ఫోన్ యాప్‌లో అది నాకు దొరకలేదు, కంప్యూటర్ బ్రౌజర్లో పోస్టు చేసేముందు వీడియో వివరం రాసే చోట దొరికింది. ఆ రోజు నిజంగా సంతోషించాను. వాడి మొహం నిండుగా ఉన్న ఫోటో ఒకటి అక్కడ పెట్టి, మూడు సెకన్లు కోసేసి మళ్లీ పోస్టు చేశాను. ఈసారి సూరత్ నుంచి ఎనిమిది మంది జవాబిచ్చారు.

మొదట్లో నేనే నలుగురు చుట్టాల్ని ఇక్కడికి లాక్కొచ్చాను, ప్రకటనలు లేవు, పెట్టిన వరసలోనే వస్తాయి అని. ఆ మాట ఇప్పటికీ అంటాను, ఫోటోలకైతే. వీడియోలకి కొంచెం ఆగి చెబుతాను. మావాళ్లు నాలుగు సర్వర్లలో చెదిరి ఉన్నారు, అందుకే ఇంత తేడా కనపడి ఉండొచ్చు. అందరూ ఒకే సర్వర్లో ఉన్నవాళ్లకి, చేతిలో కంప్యూటర్ ఉన్నవాళ్లకి ఇంత గోల ఉండకపోవచ్చు. నేను మానను. యాత్ర వీడియోలు మాత్రం ఇకమీద ఫోన్ నుంచి నేరుగా పెట్టను.

పాత నల్లడబ్బా పోస్టు తీసెయ్యలేదు. దానికింద మా అక్క ఒక్కర్తే నొక్కి చూసి, “కాలికి గజ్జెలు సరిగ్గా కట్టలేదురా వాడికి” అని రాసింది.